నెలలు నిండకుండా నొప్పులొస్తే: ఆస్పత్రి మంచం పక్కన ఉండేవాడి పనులు

శ్రీమంతం అయిన తొమ్మిదో రోజు రాత్రి, పదకొండు దాటాక మా ఆవిడ "ఏమండీ, పొట్ట రాయిలా గట్టిపడి మళ్లీ వదులవుతోంది" అంది. అప్పటికి 29 వారాల 3 రోజులు. అజీర్తేమో అనుకుని వాము నీళ్లు కాచి ఇచ్చాను. ఇంకో అరగంటకి నడుం కూడా పట్టేస్తోందంటే అప్పుడు కారు తీశాను. ఆస్పత్రిలో చేతికి క్యాన్యులా (మందులు ఎక్కించే సన్న గొట్టం) పెట్టాలి, గాజులు తీయమని సిస్టర్ అంది. మా ఆవిడ ఒక చేతివి తీయనిచ్చింది, రెండో చేతివి మాత్రం ససేమిరా అంది. తీసిన గాజులు చొక్కా జేబులో వేసుకుని తెల్లారేదాకా వరండాలో పచార్లు చేశాను. అడుగు వేస్తే చాలు గలగలమనేవి. పక్క బెంచీ మీద పడుకున్న పెద్దాయన రెండుసార్లు లేచి చూశాడు.

పదకొండు రోజులు ఉన్నాం. ఏ మందు ఎప్పుడు వేయాలన్నది డాక్టర్ల పని, దాని జోలికి నేను పోను. పక్కన కూర్చునే మనిషికి కూడా బోలెడు పని ఉంటుంది, అదేంటో మనకెవరూ చెప్పరు. ఇది దాని గురించి.

1. బయల్దేరడం: ఆలోచించకండి, వెళ్లండి

37 వారాలు నిండకముందే నొప్పులు మొదలై కాన్పు అయ్యేలా ఉంటే, ఆ ప్రమాదం ఉందని ఆస్పత్రిలో ఉంచి చూస్తారు. పొట్ట పది నిమిషాలకోసారి, అంతకంటే తరచుగా గట్టిపడుతున్నా, నడుం నొప్పి అలలా వచ్చి పోతున్నా, కింద బరువు దిగినట్టున్నా, నీరు కారినా, రక్తం మరక కనిపించినా ఇంట్లో వాము నీళ్లు కాస్తూ కూర్చోకూడదు. నా తప్పు మీరు చేయకండి. ఉత్తుత్తి నొప్పులైతే చూసి ఇంటికి పంపిస్తారు, పోయేదేమీ లేదు.

వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సింది ఒక్కటే, ఫైల్. స్కానింగ్ రిపోర్టులు, బ్లడ్ గ్రూప్, తల్లీబిడ్డ కార్డు, ఆధార్, ఆరోగ్యశ్రీ లేదా ఇన్సూరెన్స్ కార్డు. చీరలూ దుప్పట్లూ తర్వాత ఎవరైనా తెస్తారు. బండి లేకపోతే 108.

ఏ ఆస్పత్రికి వెళ్లాలన్నది మాత్రం ముఖ్యం. 34 వారాల లోపైతే పసిపిల్లల ఐసీయూ, అంటే ఎన్ఐసీయూ, ఉన్నచోటికే వెళ్లాలి. దగ్గర్లోని నర్సింగ్ హోంలో కాన్పు చేసి, పుట్టిన బిడ్డను అంబులెన్స్‌లో ఇంకో ఊరికి పరుగెత్తించడం కంటే బిడ్డ కడుపులో ఉండగానే తల్లిని తరలించడం ఎంతో మేలు. "పెద్దాస్పత్రికి రాస్తాం" అని డాక్టర్ అంటే చేతులు దులుపుకుంటున్నారని తిట్టుకోకండి. చాలాసార్లు అదే సరైన వైద్యం. బయల్దేరే ముందు మాత్రం రెండు అడగండి: అక్కడ ఎన్ఐసీయూలో బెడ్ ఖాళీ ఉందో లేదో ఫోన్ చేశారా, బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి వేసే మొదటి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇక్కడే వేశారా. ఆ ఇంజక్షన్ వేసిన టైము రిఫరల్ చీటీ మీద రాయించుకోండి.

2. మొదటి 48 గంటలు

ఆ రెండు రోజులూ జరిగే హడావుడి అంతా ఎందుకో తెలిస్తే సగం భయం తగ్గుతుంది. నాకు మూడో రోజు దాకా తెలియలేదు. ఎవరు సూది తెచ్చినా కాన్పు అయిపోతోందేమో అనుకునేవాణ్ని.

ముందు లోపలి స్కాన్ చేసి గర్భసంచి ముఖద్వారం పొడవు కొలుస్తారు. 25 మిల్లీమీటర్ల కంటే తగ్గితే జాగ్రత్తపడతారు, 30 దాటి ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. మాకు 21 వచ్చింది. మూత్రం, రక్తం పరీక్షలు తప్పకుండా చేస్తారు, ఎందుకంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా నొప్పులు తెప్పిస్తుంది.

తర్వాత స్టెరాయిడ్. పేరు వినగానే మా మామయ్యగారు కంగారుపడ్డారు. ఇది బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావడానికి తల్లికి వేసే ఇంజక్షన్. బీటామెథసోన్ అయితే 12 మిల్లీగ్రాముల చొప్పున 24 గంటల తేడాతో రెండు, డెక్సామెథసోన్ అయితే 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి నాలుగు. మొదటి డోసు పడి ఒక రోజు గడిచిన దగ్గర్నుంచి వారం దాకా దీని ఫలితం బాగా ఉంటుంది. షుగర్ ఉన్న గర్భిణికి ఈ ఇంజక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ఆ సంగతి డ్యూటీ డాక్టర్‌కు గుర్తు చేయడం మీ పని.

నొప్పులు ఆపే మందు ఆ స్టెరాయిడ్‌కి టైము సంపాదించి పెట్టడానికి. ఎక్కువగా నిఫెడిపిన్ మాత్రలు వాడతారు. అది నిజానికి బీపీ మాత్ర, అందుకే తలనొప్పి వస్తుంది, మొహం వేడెక్కుతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. బాత్రూంకి ఒక్కర్తినీ పంపకండి. మాత్ర వేశాక రెండు రోజులు నొప్పులు ఆగితే చాలు, దాని పని అయినట్టే. నెలల తరబడి ఆపే మందు కాదది. "మందు ఆపేశారు, మమ్మల్ని వదిలేశారు" అని నేను సిస్టర్‌తో గొడవపడ్డాను. తెలిశాక సిగ్గేసింది.

32 వారాల లోపే కాన్పు అయ్యేలా ఉంటే బిడ్డ మెదడుకు రక్షణగా మెగ్నీషియం ఎక్కిస్తారు. ఒళ్లంతా నిప్పుల్లో పెట్టినట్టుందని ఆడవాళ్లు చెబుతారు. ఆ వేడి మందు వల్లే వస్తుంది. ముందే తెలిస్తే ఆమె బెదిరిపోదు. ఉమ్మనీరు పోయి ఉంటే యాంటీబయాటిక్ కూడా మొదలుపెడతారు. ఆమెది నెగటివ్ బ్లడ్ గ్రూప్ అయి, రక్తస్రావం కనిపిస్తే యాంటీ-డి (నెగటివ్ గ్రూప్ తల్లులకు వేసే ఇంజక్షన్) గురించి మీరే అడగండి.

ఇంకొకటి. నొప్పులని చేర్చిన వాళ్లందరూ ఆ వారంలోనే కంటారనేం లేదు. దాదాపు సగం మంది నెలలు నిండాకే కంటారు. ఈ ముక్క మొదటి రాత్రి నాకెవరైనా చెప్పుంటే ఆ గాజులు అన్నిసార్లు గలగలలాడేవి కావు.

3. ఒక నోట్‌బుక్ కొనండి

ఆస్పత్రి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ఇరవై రూపాయల పుస్తకం దొరుకుతుంది. ఫోన్‌లో రాసుకోవచ్చు కదా అంటారు. ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు, పైగా రాత్రికి వదిన వచ్చి కూర్చుంటే మీ ఫోన్ ఆమె దగ్గర ఉండదు.

ఎడమ పేజీలో పొట్ట గట్టిపడిన టైము, ఎంతసేపు ఉందన్నది. కుడి పేజీలో ఏ మందు ఎన్నింటికి, డాక్టర్ ఏమన్నారు, తర్వాతి పరీక్ష ఎప్పుడు. మా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "2.10 - 40 సెకన్లు. 2.31 - అర నిమిషం. 3.05 - నిద్రపోయింది. 4.50 - బిడ్డ తన్నింది అంది." పొద్దున రౌండ్స్‌కి వచ్చిన మేడం "రాత్రి ఎలా ఉంది?" అంటే "బాగానే ఉంది మేడం" అనకుండా ఈ పేజీ చూపించాను. ఆవిడ చదివి, మాత్ర టైము మార్చారు.

రౌండ్స్ టైముకి మీరు అక్కడ ఉండాలి. టిఫిన్ ముందే తినేయండి. మూడు ప్రశ్నలకు మించి అడగకండి, వాటిని రాత్రే రాసుకోండి. ఏమీ తోచకపోతే ఇవి అడగండి: నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? ఇవాళ ఏం చూసి నిర్ణయం తీసుకుంటారు? ఏం జరిగితే వెంటనే మిమ్మల్ని పిలవాలి?

పొట్టకు బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తారు కదా, గుర్రం పరిగెత్తినట్టుంటుంది. నిమిషానికి 110 నుంచి 160 మధ్య మామూలు. ఒక్కోసారి ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతుంది, మన గుండె కూడా ఆగినంత పనవుతుంది. చాలాసార్లు బిడ్డ కదిలి బెల్టు జారిందంతే. సిస్టర్‌ని పిలవండి, బెల్టు మీరు సర్దకండి. బిడ్డ కదలికలు తగ్గాయని ఆమె అంటే మాత్రం "స్టెరాయిడ్ వల్లేలే" అని మీరు తీర్పు చెప్పకండి. ఆ ఇంజక్షన్ తర్వాత ఒకటి రెండు రోజులు కొంచెం తగ్గొచ్చు, నిజమే. కానీ అది డాక్టర్ చూసి చెప్పాలి.

4. ఆమె తలలో ఉన్న ఇల్లు మీరు తీసుకోండి

నాలుగో రోజు రాత్రి. నొప్పులు తగ్గాయి, లైట్లు తీసేశారు. నిద్రపోయిందనుకున్నాను. చీకట్లోంచి "పాలు తోడేశారా?" అంది. ఏ పాలు? నాలుగు రోజులుగా నేను ఇంట్లో పొయ్యే వెలిగించలేదు. అది విని ఇంకా కంగారుపడింది. ఫ్రిజ్‌లో పెరుగు పాడై ఉంటుంది, తోడుకి మళ్లీ పక్కింటికి వెళ్లాలి, పనమ్మాయికి జీతం ఇవ్వలేదు, గ్యాస్ బుక్ చేయలేదు, శ్రీమంతానికి అద్దెకు తెచ్చిన వెండి కంచం తిరిగి ఇవ్వలేదు. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషి తలలో ఇల్లంతా తిరుగుతోంది.

అప్పటిదాకా నేను "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అంటూనే ఉన్నాను. అన్ని రోజుల్లో అంతకంటే పనికిరాని మాట నా నోట్లోంచి రాలేదు. "టెన్షన్ పడకు, బిడ్డకు మంచిది కాదు" అన్నది ఇంకా దారుణం, టెన్షన్ పడటం కూడా ఆమె తప్పే అన్నట్టుంటుంది. నోట్‌బుక్ వెనక పేజీ తీసి "ఒక్కొక్కటీ చెప్పు, రాసుకుంటాను" అన్నాను. పదిహేడు పనులు చెప్పింది. మర్నాడు సాయంత్రానికి పన్నెండు కొట్టేసి చూపించాను. ఆ రాత్రి నిద్రపోయింది.

ఇంట్లో పెద్ద పిల్లో పిల్లాడో ఉంటే ఈ జాబితాలో మొదటి పేరు వాళ్లదే. రోజూ ఒకే టైముకి వీడియో కాల్ చేయించండి. "అమ్మ ఊరెళ్లింది" అని అబద్ధం చెప్పకండి, పిల్లలు పట్టేస్తారు.

ఆమెకు దాచాల్సింది ఏమీ లేదు. స్కాన్ రిపోర్టు గురించి డాక్టర్ నాకు వరండాలో చెప్పింది నేను దాచిపెడితే నా మొహం చూసి పదింతలు ఊహించుకుంది. తర్వాత నుంచి "మేడం, ఆమె ముందే చెప్పండి" అని అడిగాను. ఒంట్లో మోస్తున్నది ఆమె, ముందు తెలియాల్సింది ఆమెకే.

5. పడుకోవడం, తినడం, నడవడం

మంచం దిగకూడదని మన వాళ్ల నమ్మకం. పూర్తిగా కదలకుండా పడుకోబెడితే కాన్పు ఆగుతుందని రుజువు లేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. బాత్రూంకి లేవొచ్చా, కుర్చీలో కూర్చుని తినొచ్చా, ఎంత దూరం నడవొచ్చు అని డాక్టర్‌ని తేల్చి అడిగి, ఆ జవాబు అత్తయ్యగారికీ అమ్మకీ వినపడేలా మళ్లీ ఒకసారి చెప్పించండి. లేకపోతే మంచం దగ్గర రోజూ పంచాయితీయే. పడుకున్నంతసేపూ పాదాలు పైకీ కిందకీ ఆడించమనండి. ఒక కాలే వాచినా, పిక్క నొప్పెట్టినా వెంటనే చెప్పండి.

ఐరన్ మాత్రలతో, పడకతో మలబద్ధకం తప్పదు. నీళ్లు, మజ్జిగ, జామపండు, ఆకుకూర పప్పు. ఎడమవైపు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య ఒక దిండు, నడుం వెనక ఇంకోటి. ఆస్పత్రి దిండ్లు పల్చగా ఉంటాయి, ఇంటి నుంచి రెండు తెచ్చుకోండి. తల దువ్వి జడ వేయడం నేర్చుకోండి. నా జడ మూడు పాయలకి బదులు రెండుంబావు పాయలుగా వచ్చింది, వార్డంతా నవ్వారు, ఆమె కూడా.

ప్రభుత్వాస్పత్రి అయితే లేబర్ వార్డులోకి మగవాళ్లను చాలాచోట్ల రానివ్వరు. లోపల ఉండటానికి ధైర్యంగా ఉండే ఆడమనిషి ఒకరు కావాలి. ఎవరో ఒకరని కాదు, ఏడవని వాళ్లు. మాకు మా వదిన. నోట్‌బుక్ ఆమెకిచ్చి, నేను బయట గేటు దగ్గర.

6. చుట్టాలు

ఇది అన్నిటికంటే కష్టం, పుస్తకాల్లో దొరకదు.

ఫ్యామిలీ గ్రూపులో రోజుకి ఒక్క మెసేజ్, సాయంత్రం ఏడింటికి, మీరు పెట్టండి. ఆమె ఫోన్ సైలెంట్‌లో. "చూడ్డానికి వస్తున్నాం" అన్న వాళ్లకి "ఇంటికి రండి, బిడ్డ వచ్చాక" అనండి. నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

కారణాలు వెతికేవాళ్లు తయారవుతారు. శ్రీమంతానికి రెండు గంటలు పీటల మీద కూర్చోబెట్టారని ఒకరు, బైక్ ఎక్కించాడని ఒకరు, గ్రహణం నాడు బయటికొచ్చిందని ఇంకొకరు, దిష్టి అని అందరూ. ఇన్‌ఫెక్షన్, పొట్టి ముఖద్వారం, కవలలు, ఉమ్మనీరు ఎక్కువగా ఉండటం, ఇంతకుముందు కూడా ముందే కాన్పు కావడం: ఇవీ డాక్టర్లు చూసే కారణాలు. చాలామందికి ఏ కారణమూ దొరకదు. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, నష్టం లేదు. "ఇది ఆమె చేసుకున్నదే" అన్న ధోరణిలో మాట వస్తే మాత్రం అక్కడే ఆపండి, మీ అమ్మ అయినా సరే. మా అమ్మతో నేను వరండాలో ఆ మాట అన్న రోజు రాత్రి ఇద్దరం అన్నం తినలేదు. తర్వాత సర్దుకుంది.

ఇంకో మాట తప్పకుండా వింటారు: "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు." ఇది పూర్తిగా అబద్ధం. లోపల ఎన్ని రోజులు ఎక్కువుంటే బిడ్డకు అంత మేలు. 28 వారాలకు కిలో అటూఇటూ ఉండే బిడ్డ, తనంతట తాను చప్పరించి మింగడం 34 వారాలకు గానీ కుదరని బిడ్డ, ఎనిమిదో నెలలో ఎందుకు వెనకబడుతుంది? మా మేనత్త ఈ మాట మా ఆవిడ మంచం దగ్గరే అంది. ఆ రోజు రాత్రి ఆమె క్యాలెండర్ చూసుకుంటూ ఏడ్చింది. ఎనిమిదో నెల వస్తోందని.

7. డబ్బు, కాగితాలు, సెలవులు

ప్రభుత్వాస్పత్రుల్లో జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద (2011 నుంచి ఉంది) కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం ఉచితం. జబ్బుపడ్డ పసిబిడ్డకు కూడా వర్తిస్తుంది. ప్రైవేటులో ఉంటే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద నెలలు నిండని బిడ్డ వైద్యం ఆ ఆస్పత్రిలో వస్తుందో రాదో ఆరోగ్యమిత్ర డెస్క్‌లో ముందే అడగండి. బిడ్డ పుట్టాక అడిగితే కాళ్లూ చేతులూ ఆడవు.

ఇన్సూరెన్స్ ఉంటే ఒకే ప్రశ్న: ఎన్ఐసీయూ ఖర్చు మెటర్నిటీ లిమిట్‌లోంచి పోతుందా, విడిగా ఉంటుందా? బిడ్డకు మొదటి రోజు నుంచి కవర్ ఉందా? (రెండు ప్రశ్నలయ్యాయి, సరే.) బిల్లింగ్ కౌంటర్లో ఎన్ఐసీయూ రోజు చార్జీ, వెంటిలేటర్ చార్జీ, సర్ఫాక్టెంట్ (బిడ్డ ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి వేసే మందు) ఖర్చు వేర్వేరుగా రాయించుకోండి.

ఆమె ఉద్యోగస్తురాలైతే చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు, నెలలు నిండని కాన్పు వల్ల అనారోగ్యం అయితే దాని మీద ఇంకో నెల వరకు ఉంది. ఈ రెండోది చాలామంది హెచ్ఆర్‌లు తమంతట తాము చెప్పరు. మీ సెలవులు మొదటి వారంలోనే ఊడ్చేయకండి. బిడ్డ ఎన్ఐసీయూలో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ కావాలి. నేను పొద్దున రౌండ్స్ అయ్యాక వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని సగం రోజు పని చేశాను.

8. ఎన్ఐసీయూ ముందే చూసి రండి

నొప్పులు ఆగినా అడిగి వెళ్లండి. గాజు అద్దంలోంచి చూస్తే చేతి గడియారం అంత పాదాలు, తల కంటే పెద్దగా కనిపించే టోపీ, అన్ని వైపుల నుంచీ బీప్‌లు. మొదటిసారి కాన్పు రోజే చూస్తే తట్టుకోలేం. పిల్లల డాక్టర్‌ని "ఈ వారానికి పుడితే మొదటి మూడు రోజులు ఎలా ఉంటాయి?" అని అడగండి. ఆయన చెప్పింది ఆమెకు చెప్పండి, అందంగా మార్చకుండా.

నాన్నకు చేతినిండా పని ఉండేది కూడా ఇక్కడే. బిడ్డను చొక్కా విప్పిన ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకోవడం, కంగారూ పద్ధతి అంటారు, 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టిన వెంటనే మొదలుపెట్టమంటోంది. ఆమె సిజేరియన్ అయి పడుకుని ఉంటే మీరు పెట్టుకోవచ్చు. ముర్రుపాలు పిండి పంపడం కాన్పు అయిన మొదటి గంటల్లోనే మొదలవ్వాలి, రోజుకి కనీసం ఎనిమిది సార్లు. చుక్కలు వచ్చినా చాలు, ఆ చిన్న గిన్నె పట్టుకుని పరుగెత్తేది మీరే. కాన్పుకు ముందే అలవాటవుతుందని పిండనివ్వకండి, నొప్పులు పెరగొచ్చు.

9. ఇంటికి పంపితే

పదకొండో రోజు పంపారు. ఇంటికి వెళ్లడం ఆనందమే, కానీ మొదటి రాత్రి ఆస్పత్రి కంటే భయంగా ఉంటుంది, బెల్టూ లేదు, సిస్టరూ లేదు. డిశ్చార్జ్ చీటీ తీసుకునే ముందు అడగండి: ప్రొజెస్టిరాన్ (ముందే కాన్పు కాకుండా ఇచ్చే హార్మోన్ మందు) ఎన్ని వారాల దాకా, కలయిక వద్దా, మెట్లు ఎక్కొచ్చా, ప్రయాణం చేయొచ్చా, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి. పురిటికి పుట్టింటికి పంపాలా అన్నది మా ఇంట్లో పెద్ద చర్చ. మా అత్తగారి ఊరికి ఎన్ఐసీయూ ఉన్న ఆస్పత్రి మూడు గంటల దూరం. అత్తయ్యగారే మా ఇంటికి వచ్చారు.

ఫైల్ తలుపు పక్కన మేకుకి తగిలించి ఉంచాం. 33 వారాల 4 రోజులకు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి వాము నీళ్లు కాచలేదు, ఇరవై నిమిషాల్లో ఆస్పత్రిలో ఉన్నాం. ఆగలేదు. 1,850 గ్రాముల ఆడపిల్ల, పద్నాలుగు రోజులు ఎన్ఐసీయూలో ఉంది. 34 వారాల లోపు పుట్టిన లేదా 2 కిలోల లోపు బరువున్న పిల్లలందరికీ నెల లోపే కంటి రెటీనా పరీక్ష చేయించాలి, ఇంకా చిన్నగా పుట్టిన వాళ్లకి అంతకంటే ముందే. డిశ్చార్జ్ హడావుడిలో అది మర్చిపోయేవాళ్లు చాలామంది. మాకు ఇరవై ఆరో రోజు అపాయింట్‌మెంట్ దొరికింది. నోట్‌బుక్‌లో చివరి పేజీ అదే: "కళ్లు బాగున్నాయి. రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. పాలు తోడెయ్యాలి."